వేయి కొండల బాటలో పరుగు పందెము

పాఠ్యభాగము: హెబ్రీ 12:1-13. ఇంటివద్ద చదువుకొనుటకు: 2 సమూయేలు 18:19-33, యోహాను 20:1-10, 2 తిమోతి 4:6-8.



ఈ నెల పాఠము పరుగు పందెమును గూర్చినది. పరుగు అనగానే మన పల్లెలలో పెద్దలకు నవ్వు వచ్చును. దినమంతయు నాట్లు వేసి, కలుపు తీసి, సందెవేళ పుల్లలమోపు నెత్తిన పెట్టుకొని ఇల్లు చేరువారికి, పని లేకుండ కొండలెక్కి పరుగెత్తుట వింతగానే తోచును. అయినను పరిశుద్ధ గ్రంథము ఈ పోలికను విడువలేదు. కొరింథు పట్టణమునకు సమీపమున ఇస్త్‌మియా అను చోట రెండేండ్లకు ఒకసారి ఆటలు జరిగెడివి. పౌలు ఆ సంఘమునకు పరుగు పందెమును గూర్చి వ్రాసినప్పుడు చదివినవారికి అది కన్నులార చూచిన సంగతియే. అచ్చట ముఖ్యమైన పరుగు రెండువందల మీటర్లకు లోపే. నేల చదును, గీత సూటి, ఊపిరి బిగపట్టి ఒక్క పరుగు తీసిన చాలును.

హెబ్రీ పత్రికలోని పందెము అట్టిది కాదు. ఆ గ్రంథకర్త ఓపికతో పరుగెత్తుమనుచున్నాడు. రెండువందల మీటర్లకు ఓపికతో పని లేదు, వేగము చాలును. ఓపిక అనిన వెంటనే అది దూరపు పరుగు అని మనకు తెలియుచున్నది. మరియు ఆ పందెము మన యెదుట ఉంచబడినది అని ఆయన చెప్పుచున్నాడు. అనగా దారిని ఏర్పరచినది మనము కాదు.

ఇందుకు భిన్నముగా, దారి ఎన్నుకొని పరుగెత్తినవాని కథ ఒకటి సమూయేలు రెండవ గ్రంథములో నున్నది. అబ్షాలోము చచ్చిన దినమున దావీదునొద్దకు ఇద్దరు వార్తాహరులు పరుగెత్తిరి. కూషీయుడు ముందు బయలుదేరెను. అహిమయస్సు వెనుక బయలుదేరి, మైదానపు మార్గమున పోయి అతనిని దాటెను. యొర్దానునకు తూర్పుననున్న ఆ ప్రదేశము గుట్టలతోను వాగులతోను నిండినది. నది ప్రక్కనున్న చదును దారి చుట్టైనను కాళ్లకు సుళువు. అహిమయస్సు తెలివిగానే పరుగెత్తెను. గాని ముందు చేరియు, నా కుమారుడు క్షేమముగా ఉన్నాడా అని ఆ తండ్రి అడిగిన ఒక్క ప్రశ్నకు సూటియైన జవాబు చెప్పలేకపోయెను. గెలిచినవాని నోట వార్త లేదు. వార్త మోసికొని వచ్చినవాడు వెనుక వచ్చినవాడే.

మన యెదుట ఉంచబడిన దారిలో మైదానపు మార్గము ఏర్పరచుకొను వీలు లేదు. అది కొండల దారి. అట్టి దారి ఎట్లుండునో తెలిసికొనుటకు దక్షిణాఫ్రికా దేశములోని ఒక బాటను మీకు చూపగోరుచున్నాము. ఏల అంత దూరము పోవలెనని మీరు అడుగవచ్చును. ఆ నేల మన తెలుగువారి పాదములు ఎరుగని నేల కాదు. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ డర్బను రేవు చేరెను. అది మొదలు 1911 వరకు లక్షన్నరకు పైగా భారతీయులు ఒప్పందపు కూలీలుగా నాటాలు ప్రాంతమునకు పోయిరి. వారిలో తెలుగువారు అనేకులు. చెరకు తోటలలోను, తేయాకు తోటలలోను, రైలు దారులమీదను వారు పనిచేసిరి. 1903లో మన తెలుగు బాప్తిస్టు సంఘములు తమ స్వంత కానుకలతో జాన్ రంగయ్యగారిని వారియొద్దకు మిషనరీగా పంపెను. డర్బనునకు ఉత్తరముననున్న కియర్స్నీ తేయాకు తోటలలో తెలుగు సంఘము ఏర్పడెను. దొరల దేశమునుండి మనకు మిషనరీలు వచ్చిరని మాత్రమే తలంచువారు ఈ సంగతిని పిల్లలకు చెప్పవలెను. మన పల్లెల కానుకలు సముద్రము దాటి పోయినవి.

ఆ డర్బను పట్టణము సముద్రపు ఒడ్డున నున్నది. అచ్చటనుండి లోపలి దేశములోని పీటర్‌మారిట్స్‌బర్గు వరకు పాత రహదారి ఒకటి కొండలమీదుగా పోవును. దూరము ఇంచుమించు 90 కిలోమీటర్లు. ఈ దారిమీద ఏటేట కామ్రేడ్స్ మారథాన్ అను పరుగు పందెము జరుగుచున్నది. సాధారణముగా ఒక సంవత్సరము సముద్రమునుండి పైకి, మరు సంవత్సరము పైనుండి సముద్రమునకు పరుగెత్తుదురు. ఒక్క దినములో ముగింపవలెను. గడువు 12 గంటలు.

పైకి పోవు దారి చూడుడి. ఇంకను చీకటి యుండగనే డర్బనునుండి బయలుదేరుదురు. పట్టణపు దీపములు వెనుకబడకముందే ఎక్కుడు మొదలగును. మొదట కౌయీస్ కొండ, దాని వెనుక ఫీల్డ్స్ కొండ, ఆపైని బోథాస్ కొండ. ఆ బోథాస్ కొండమీద దారి ప్రక్కన కియర్స్నీ కళాశాల అను పేరుతో ఒక పాఠశాల ఉన్నది. మన తెలుగు సంఘము మొలకెత్తిన ఆ తేయాకు తోటల ఊరిలోనే 1921లో అది స్థాపింపబడి, 1939లో ఈ కొండమీదికి తరలి వచ్చినది. అందుచేత ఆ ఊరి పేరు ఈ పందెపు దారిలో నేటికిని నిలిచియున్నది.

అచ్చటినుండి కుడిచేతివైపున దేశమంతయు ఒక్కసారి తెరచుకొనును. దానికి వేయి కొండల లోయ అని పేరు. ఉమ్గేని నది యుగయుగములుగా కోసి దిగిన లోయ అది. ఎంత చూపు పోయిన అంత మేర గుండ్రని కొండ వెనుక కొండ, మిట్ట వెనుక పల్లము, మన రాశికల్లములో ధాన్యపు కుప్పలు వరుసగా పోసినట్లు కనబడును. మధ్య మధ్య గుండ్రని జూలూ గుడిసెలు, వాని చుట్టు పశువులు. పందెము మామూలుగా జూన్ నెల ప్రాంతమున జరుగును. మనకు తొలకరి కాలమైన ఆ రోజులు వారికి చలికాలము, వానలేని కాలము. గడ్డి ఎండి బంగారు వన్నె దేరియుండును. తెల్లవారినప్పుడు లోయలో మంచు పాలవలె నిండియుండి, ఎండ ఎక్కిన కొలది కొండ తలలు ఒక్కటొక్కటిగా పైకి తేలును. ఇంత సొగసైన దారి లోకములో అరుదు అని చూచినవారు చెప్పుదురు. కొండలను సృజించినవాని మహిమను అచ్చట చూడనివాడు ఎచ్చటను చూడడు.

అయితే ఆ సొగసే పరుగెత్తువానికి కష్టము. చూచువానికి కొండ అందము, ఎక్కువానికి మోకాలి నొప్పి. డ్రమ్మండ్ అను చోటికి సగము దారి అగును. దాని వెంటనే ఇంచాంగా కొండ. తరువాత చదునైన పొలముల దారి కొంత వచ్చును గాని అచ్చట నీడ లేదు, ఎండ నెత్తిమీదికి వచ్చును. దారియంతటిలో ఎత్తైన చోటు ఉమ్లాస్ రోడ్డు, సముద్రమునకు సుమారు 870 మీటర్ల పైన. అది దాటినవాడు ఇక దిగుడే గదా అనుకొనును. అప్పుడు, ఊరు ఇంకొక ఏడెనిమిది కిలోమీటర్లు ఉండగా, పాలీ షార్ట్స్ అను చివరి కొండ ఎదురగును. నిజమునకు అది పెద్ద కొండ కాదు. దాని పొడవు రెండు కిలోమీటర్లకు లోపే. ఎనభై కిలోమీటర్లు పరుగెత్తిన కాళ్లకు మాత్రము అది సీనాయి పర్వతమువలె కనబడును. విశ్వాస జీవితములోను ఇట్లే యున్నది. యౌవనములో పెద్ద శ్రమలు దాటివచ్చినవారు ముసలితనములో చిన్న మాటకు, చిన్న అవమానమునకు తొట్రిల్లి మందిరమునకు రాకుండుట మనము చూచుచున్నాము. కొండ చిన్నదే. కాళ్లు అలసినవి. వారిని గద్దింపకముందు ఎంత దూరము పరుగెత్తి వచ్చిరో జ్ఞాపకము చేసికొనవలెను.

ఈ పందెము పుట్టిన విధము కూడ వినదగినది. విక్ క్లాఫమ్ అను రైలింజను డ్రైవరు మొదటి ప్రపంచ యుద్ధములో సిపాయిగా తూర్పు ఆఫ్రికాలో వందల మైళ్లు కాలినడకన పోయెను. త్రోవలో అనేకమంది తోటివారు చనిపోయిరి. తిరిగి వచ్చిన తరువాత ఆయన వారి జ్ఞాపకార్థము రాతి స్తంభము కోరలేదు. వారు పడిన శ్రమకు పోలికయైన ఒక పరుగు ఉండవలెనని కోరెను. పెద్దలు కొన్ని ఏండ్లు ఒప్పుకొనలేదు. కడకు మాజీ సైనికుల సంఘమువారు ఖర్చులకు ఒక పౌను అప్పుగా ఇచ్చి సమ్మతించిరి. 1921 మే 24న 34 మంది బయలుదేరిరి, 16 మంది గమ్యము చేరిరి. కామ్రేడ్స్ అనగా సహచరులు, కష్టములో తోడుండువారు అని అర్థము. కావున పందెము పేరే ఒక పాఠము.

మరు సంవత్సరము గెలిచినవాడు ఆర్థర్ న్యూటన్ అను సేద్యగాడు. అప్పటికి ఆయన వయస్సు 39 ఏండ్లు. మొత్తము ఐదుసార్లు గెలిచెను. డ్రమ్మండ్ దగ్గర కొండచరియలో ఆయన కూర్చుండి సేదదీర్చుకొనెనని చెప్పు ఒక గూడు ఉన్నది. పరుగెత్తువారు దానియొద్ద పూవులుంచి, దండము పలికి పోవుదురు. అట్లు చేసిన మిగిలిన సగము దారి సుఖముగా జరుగునని నమ్మిక. దీనిని మనము అనుసరింపనక్కరలేదు. మన చుట్టును ఇట్టి గూళ్లు చాలినన్ని ఉన్నవి. హెబ్రీ పత్రికలోని సాక్షుల సమూహము దీవెన అడుగుటకు కాదు, వారి దేవుని మనము నమ్ముటకు. మన చూపు యేసువైపు ఉండవలెనని రెండవ వచనము స్పష్టముగా చెప్పుచున్నది.

బయలుదేరుచోట ఇంకొక వాడుక ఉన్నది. 1948లో మాక్స్ ట్రింబార్న్ అనువాడు ఆ చీకటిలో కోడివలె గట్టిగా కూసెను. అది అందరికిని నచ్చి, నేటివరకు ఆ కూతను రికార్డుమీద వినిపించుచున్నారు. కోడికూత వినగనే మనకు పేతురు జ్ఞాపకము వచ్చును. ఆ కూత విని ఏడ్చినవాడు మూడవ దినమున మరల పరుగెత్తెను. యోహానుతో కూడ సమాధియొద్దకు పరుగెత్తినప్పుడు అతడు వెనుకబడెను. యోహానే ముందు చేరెను. గాని ముందు చేరినవాడు వాకిట నిలిచియుండగా, వెనుక వచ్చినవాడు మొదట లోపలికి ప్రవేశించెను. పరిశుద్ధాత్మ ఈ చిన్న సంగతిని వ్రాయించుట ఊరక కాదని మేము తలంచుచున్నాము.

ఇప్పుడు ఈ పందెములో మిక్కిలి ప్రియమైన సంగతికి వచ్చుచున్నాము. వేగము లేనివారు అచ్చట గుంపులుగా కలిసి పోవుదురు. ఒక్కొక్క గుంపునకు బస్సు అని పేరు. దారి బాగుగా ఎరిగిన అనుభవశాలి ఒకడు ముందు నడచును; అతడే డ్రైవరు. ఎక్కుడు వచ్చినప్పుడు అతడు అందరిని నడువుమనును, దిగుడు వచ్చినప్పుడు పరుగెత్తుమనును, గడియారము చూచి గడువులోపల చేర్చుదునని మాట ఇచ్చును. ఒంటరిగా పోయిన దారిలో కూలబడు మనుష్యుడు ఆ గుంపులో పాటలు పాడుచు గమ్యము చేరును. ఆ డ్రైవరు తాను తలచిన ఇంకను త్వరగా చేరగల శక్తిగలవాడు. అయినను ఆ దినమున తన గడియలను ఇతరుల గడియలతో కలుపుకొనును. మన ఊరికి వచ్చు ఆర్టీసీ బస్సు డ్రైవరు కూడ వేగముగా పోగలడు. అయితే ముసలమ్మ మెట్టు ఎక్కువరకు ఆగుట అతని పని.

గమ్యము చేరిన వారందరికిని పతకము ఇత్తురు, అయితే అన్నియు ఒకే విధమైనవి కావు. మొదటి పదిమందికి బంగారము. తరువాత వేగమునుబట్టి వెండి, కంచు మొదలగునవి. 11 గంటలు దాటి 12 గంటలలోపల, అనగా అందరికంటె కడపట, చేరువారికి ఒక రాగి పతకము కలదు. దాని పేరు విక్ క్లాఫమ్ పతకము. పందెమును స్థాపించినవాని పేరు గెలిచినవాని మెడలో లేదు, కుంటుచు వచ్చినవాని మెడలో ఉన్నది. పౌలు తిమోతికి వ్రాయుచు, నీతి కిరీటము తనకు మాత్రమే గాక ప్రభువు ప్రత్యక్షతను ప్రేమించు అందరికిని ఉన్నదని చెప్పినప్పుడు ఇట్టి ఆనందముతోనే చెప్పియుండును.

అయినను ఈ పందెము చరిత్రలో చీకటి పుట కూడ ఉన్నది. దానిని దాచుట న్యాయము కాదు. సహచరులు అని పేరు పెట్టుకొన్న ఈ పందెములో 1975 వరకు తెల్లజాతి మగవారికి మాత్రమే అధికారికమైన చోటు. 1923లో ఫ్రాన్సిస్ హేవర్డ్ అను స్త్రీ అనుమతి లేకయే పరుగెత్తి 11 గంటల 35 నిమిషములలో చేరెను. 1935లో రాబర్ట్ మ్షాలీ అను నల్లజాతి సహోదరుడు తొమ్మిదిన్నర గంటలలో చేరెను. ఇద్దరును అవే కొండలు ఎక్కిరి, అదే ఎండలో తడిసిరి. పట్టికలో వారి పేర్లు వ్రాయలేదు. మన తెలుగు కూలీల బిడ్డలకును ఆ పట్టికలో చోటు లేదు. 1975లో తలుపు తెరిచిరి. 1989లో సామ్ షబలాలా మొదట చేరి, ఆ పందెమును గెలిచిన మొదటి నల్లజాతివాడాయెను.

పేరు వ్రాయకపోవుట ఎంత బాధయో మన సంఘములకు వేరుగా చెప్పనక్కరలేదు. ఊరి బావిదగ్గర, బడి బల్లదగ్గర, మన తాతల పేర్లు ఎట్లు పిలువబడెనో మనకు తెలియును. ప్రభువు డెబ్బదిమంది శిష్యులతో, మీ పేర్లు పరలోకమందు వ్రాయబడియున్నందుకు సంతోషించుడని చెప్పిన మాట మన పెద్దలకు అందుచేతనే అంత తీపి ఆయెను. అట్లయిన మన పట్టికల సంగతి ఏమి? కొన్ని సంఘముల పుస్తకములలో నేటికిని స్త్రీకి పేరు లేదు. ఫలానావాని భార్య అని మాత్రమే యుండును. ప్రార్థన కూటమునకు దీపము తెచ్చునది ఆమె, పిడికెడు బియ్యము ఎత్తిపెట్టునది ఆమె, రోగికి గంజి మోసికొని పోవునది ఆమె. పౌలు రోమీయులకు వ్రాయుచు ఫీబే, ప్రిస్కిల్ల, త్రుఫైనా, పెర్సిసు అని ఒక్కొక్కరిని పేరుపెట్టి వ్రాసెను. చందా బాకీ యున్నదని పేదవాని పేరు కొట్టివేయు వాడుక కూడ అక్కడక్కడ కలదు. ఇది అపొస్తలుల వాడుక కాదు.

గడువు సంగతి కూడ చెప్పవలెను. 12 గంటలు పూర్తియైన క్షణమున ఒక అధికారి తుపాకి పేల్చును. వచ్చువారిని చూడకుండ, వారివైపు వీపు త్రిప్పి నిలిచి పేల్చును. చూచిన చేయి ఆడదు గదా! రెండడుగుల దూరములోనున్నవాడైనను పతకము పొందడు. మన పందెమునకును గడువు ఉన్నది. పదిమంది కన్యకల ఉపమానములో తలుపు వేయబడెను. దీనిని తేలికగా తీసికొనకుడి. అయితే ఆ గడువు వచ్చువరకు మన దేవుడు వీపు త్రిప్పి నిలుచువాడు కాడు. తప్పిపోయిన కుమారుడు ఇంకను దూరముగా ఉన్నప్పుడే తండ్రి చూచెను, చూచి పరుగెత్తెను. ఆ ఉపమానములో పరుగెత్తినది ఒక్క తండ్రియే. కుమారుడు నడచి వచ్చుచున్నాడు.

ఇక మన పాఠ్యభాగము చివరకు రండి. పరుగు పందెముతో ఆరంభమైన ఈ భాగము 12, 13 వచనములలో ఎచ్చటికి చేరుచున్నది? గెలిచినవానియొద్దకు కాదు. వడలిన చేతులు, సడలిన మోకాళ్లు, కుంటికాలు. అట్టివారి కాలు బెణకక బాగుపడునట్లు దారులు సరళము చేయుడని గ్రంథకర్త బలముగలవారికి ఆజ్ఞాపించుచున్నాడు. ఇచ్చట దారులు అనుటకు గ్రీకు భాషలో త్రొఖియా అను మాట వాడబడినది. దానికి బండి చక్రపు జాడ అని అర్థము; పరుగు అను మాట పుట్టిన ధాతువునుండియే ఇదియు పుట్టినది. వర్షాకాలములో మన డొంకదారి సంగతి మీకు తెలియును. ముందుపోయిన బండి వంకరగా పోయిన, దాని జాడలో వెనుక బండ్లన్నియు వంకరగానే దిగబడును. ముందు బండి సూటిగా పోయిన, సత్తువలేని ఎద్దులు కూడ ఆ జాడలో నడచివచ్చును. కాబట్టి శక్తిగల విశ్వాసి వేగముగా పోవుట చాలదు. అతని చక్రపు జాడలో వెనుకవారు నడువగలరా అని చూడవలెను.

ఇంచాంగా కొండవద్ద ఎతెంబేని అను పాఠశాల కలదు. అంగవైకల్యముగల పిల్లలు, చూపు కొరవడిన పిల్లలు అచ్చట చదువుకొందురు. పందెపు దినమున వారు దారి ప్రక్కకు వచ్చి, చేతులు చాచి, పరుగెత్తువారిని ఉత్సాహపరచుదురు. ఎతెంబేని అనగా జూలూ భాషలో నిరీక్షణగల చోటు. అంతవరకు తన నొప్పినే తలంచుచు వచ్చినవాడు ఆ పిల్లల చేతులు తాకి కొండ ఎక్కును.

ఈ నెల గృహ ప్రార్థన కూటములలో 12వ అధ్యాయము మొదటి పదమూడు వచనములు నెమ్మదిగా, రెండుసార్లు చదువుడి. చదువురానివారిని మధ్యలో కూర్చుండబెట్టుడి. తరువాత సంఘపు పట్టిక తెచ్చి, అందులో లేని పేర్లు ఎవరివో అడిగి తెలిసికొనుడి. భార్యల పేర్లు, తల్లుల పేర్లు, పనికై పట్టణము పోయిన యౌవనుల పేర్లు వ్రాయుడి. దూరపు గూడెమునుండి ఆదివారము నడువలేక ఆగిపోయిన వృద్ధులు ఎవరో, వారి ఇంటిమీదుగా ఎవరు రాగలరో ఆ రాత్రియే మాటలాడుకొనుడి. కోతల దినములలో ఆరాధన గంట ఎప్పుడు కొట్టవలెనో కూలికి పోవువారిని అడిగి పెద్దలు నిర్ణయింతురు గాక. త్రాగుడు మాని మరల పడినవాని ఇంటికి ఇద్దరు కలిసి పొండు, ఒక్కరు పోవద్దు.

వచ్చే నెల ఇదే అధ్యాయము 14వ వచనమునుండి చదువుకొందము.